నీ కాలు ఇక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో

మా మేనత్త మొన్న సోమవారం పొద్దున పోయింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందంట. అంతే. ఎనభై దాటినాక పోవడానికి రోగమే కావాలా ఏంది? ఈ ముక్క ముందే ఎందుకు చెప్తన్నానంటే, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిందని ఊర్లో సగం మంది అనుకుంటన్నారు. వింటే ఆమెకు కోపమొస్తాది.

అర్ధవీడు పక్కన మా పల్లెలో మాది గొర్లు కాసే ఇల్లు. కాళ్ళల్లో ఎప్పుడూ తుమ్మముళ్ళే. ముల్లు విరిగి లోపలుండిపోతే ఊరంతా మేనత్త దగ్గరికి పోవాల్సిందే. ఆమె గాజులకు నాలుగు పిన్నీసులు వేలాడేవి. కాలు ఒళ్ళో పెట్టుకొని, "నీ కాలు ఇక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో" అనేది. తర్వాత ఏదో ఒక కబురు ఎత్తుకునేది. మనం నవ్వేలోపల ముల్లు ఆమె వేలి మీద ఉండేది. నేను పదో తరగతి తప్పిన సంగతి మా నాయనకు తెలిసింది, నా కాలు ఆమె ఒళ్ళో ఉన్నప్పుడే.

నాలుగేండ్ల కింద దగ్గు ఎంతకూ తగ్గకపోతే మార్కాపురంలో ఎక్స్‌రే తీయించినాము. అక్కడినుంచి హైదరాబాద్ పంపినారు. గడ్డ చిన్నదే, కానీ ఆపరేషన్‌ను ఆమె గుండె తట్టుకోదన్నారు. సూది దించి గడ్డను కాల్చేస్తామన్నారు. ఎక్కడ, ఎంత వాలుగా, ఎంత లోతుకు పోవాలో స్కాన్ బొమ్మను బట్టి రోబో చెయ్యి చూపిస్తాది, సూది దించేది డాక్టరమ్మే. చిన్న మత్తే, మెలకువగానే ఉండాల. చెప్పినప్పుడల్లా ఒకటే కొలత ఊపిరి పీల్చి, కదలకుండా, పలకకుండా పట్టుకోవాల. ఊపిరి మారితే గడ్డ జరుగుతాది, గురి తప్పుతాది. పట్టలేకపోతే ఈ వైద్యమూ కుదరదన్నారు.

పలకకుండా. మా మేనత్త.

"ఆ మిషన్ మాట్లాడదా తల్లీ?" అని అడిగింది డాక్టరమ్మను. "మాట్లాడకుండా సూది పెడితే మనిషి బెదరడా?"

డాక్టరమ్మ నవ్వలేదు. మిషన్ బదులు మాటలు తను చెప్తానన్నాది.

సూది వీపులో దించుతారంట. వారం రోజులు మంచం మీద బోర్లా పడుకోబెట్టి ఊపిరి పట్టేది నేను నేర్పించినా. మొదట్లో బావిలో దూకేదాని మాదిరి రొమ్ము నిండా పీల్చేది. కొంచెమే అత్తా అంటే, ఒకసారి కొంచెం, ఒకసారి మరీ కొంచెం. నాలుగంకెలు లెక్కపెట్టేలోపల గొర్లకు నీళ్ళు పెట్టినారో లేదో అనేది. ఒకరోజు కసురుకున్నా.

"నాకు భయంరా," అన్నాది. "భయమేస్తే నా నోరు ఆగదు."

యాభై ఏండ్లు ఆ కబుర్లన్నీ మా భయం పోగొట్టడానికే అనుకున్నా. సగం ఆమె కోసమంట. ఆ తర్వాత నేను కసరలా.

ఆ రోజు పిన్నీసులు నా చేతిలో పెట్టి, పోగొడితే నీ ముల్లు నువ్వే తీసుకోవాల్సొస్తాదని చెప్పి లోపలికి పోయింది. అయిపోయినాక డాక్టరమ్మ బయటికొచ్చి, మీ అత్తగారు ప్రతిసారీ ఒకటే ఊపిరి పట్టినారు అన్నాది. "మొదలుపెట్టే ముందు మాత్రం ఒక మాటన్నారండీ. నా వీపు ఇక్కడ పెట్టి నేను ఇంటికి పోతన్నా అని."

గడ్డ మళ్ళీ కనపడలా. మిషన్ ఎట్లుంది అత్తా అని ఎవరన్నా అడిగితే, చెయ్యి వణకదు, పనిమంతురాలే, కబుర్లే రావు పాపం అనేది.

మొన్న ఆమెకు కడసారి నీళ్ళు పోసేటప్పుడు ఆడోళ్ళు ఆ సూది దిగిన చోటు చూడాలనుకున్నారంట. ఒకామె ఇక్కడన్నాది. ఇంకొకామె కాదు, ఈ ముడత కింద అన్నాది. ఏడుస్తా, మధ్యలో నవ్వుతా, ఆ వీపంతా వేళ్ళతో తడుముతానే ఉన్నారు. కాగులో వేన్నీళ్ళు చల్లారిపోయినాయి.