పాలిపోయిన పిలకాకు

రావులపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న రైతు, ఒళ్ళో పెట్టుకున్న అరటి పిలకాకును బొటనవేలితో తుడుస్తూనే ఉన్నాడు. ఈనెలు తప్ప ఆకంతా పాలిపోయింది.

“తెగులాండీ?”

“కాదండి. ఈ అరటి వేసిన పొలం రొయ్యల చెరువుగా ఉన్నన్నాళ్ళూ సున్నం జల్లాను. నేలలో ఇనుమున్నా ఆ సున్నం మొక్కకి అందనివ్వదంట. ఆ ఇనుముని అందించే సూక్ష్మజీవుల్ని వ్యవసాయ ఆఫీసులో డబ్బాలో ఇచ్చారు. చెరువు నీళ్ళల్లో క్రిములు చావడానికి వేసే అలవాటుకొద్దీ డ్రమ్ము నీళ్ళల్లో ముందు బ్లీచింగ్ వేసేశానండి. అందులోనే కలిపాను. ఆ జీవులన్నీ చచ్చిపోయాయి.”

“మళ్ళీ తెచ్చి వెయ్యండి.”

“కౌలు అయిపోయిందండి. ఆసామి పొలం మళ్ళీ రొయ్యల చెరువుకే ఇచ్చేశారు.”

తణుకులో దిగుతూ ఆకును సీట్లోనే వదిలేశాడు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి చూసుకుంటే, నేనూ బొటనవేలితో తుడుస్తున్నాను.