అవ్వ చెప్పిన వ్యతిరేక పదాలు

కండ్లకోయ కాలేజీలో మాకు స్పానిష్ క్లాసు పెట్టిన ఏడాదే, షామీర్‌పేట దగ్గరి ఊళ్ళో ఉండే అవ్వకు పక్షవాతం వచ్చింది. నాయిన ఆమెను సుచిత్రలోని మా ఫ్లాటుకు తెచ్చి, నా గదిలోనే మంచం వేశాడు. మాట పూర్తిగా పడిపోయింది. మూడు నెలలుగా మమ్మీది ఒకటే ప్రశ్న: "అత్తమ్మా, యాడన్న నొస్తాందా?"

నాకు స్పానిష్‌లో విశేషణాలు ఎక్కేవి కావు. మగవాళ్ళకైతే చివర ‘ఓ’, ఆడవాళ్ళకైతే ‘ఆ’. అందుకని ఫోన్లో ఒక్కో పదం చెప్పి, వ్యతిరేక పదం కోసం నాలుగు సెకన్లు ఖాళీ వదిలి రికార్డు చేసుకున్నాను. రోజూ మధ్యాహ్నం అది పెట్టుకుని, ఖాళీలో రెండు రూపాలూ పైకి చెప్పేదాన్ని. తప్పితే దిండును గుద్దేదాన్ని.

ఒకరోజు చార్జింగ్ అయిపోతోందని ఫోన్‌ను అలాగే మోగుతుండగా ప్లగ్గుకు పెట్టి, నీళ్ళకోసం వంటగదిలోకి వెళ్ళాను. గదిలోంచి నా గొంతు "ఆల్తో" అంది. పొడుగు.

"బాహా," అంది ఇంకో గొంతు. పొట్టిది.

పరుగెత్తాను. అవ్వ పైకప్పు చూస్తోంది. ఫోన్ "గోర్దో" అంది. లావు. ఆమె పెదవులు ఒక పక్కే కదిలాయి.

"ఫ్లాకా." బక్కది. తన గురించే అన్నట్టుగా.

"మమ్మీ! అవ్వ మాట్లాడుతాంది!"

"నెత్తి ఖరాబైందానే? ఫోన్ పక్కకు వెట్టు ముందు."

"చెవులున్నయా లెవ్వా నీకు? వచ్చి ఇను!"

మమ్మీ విన్నది. గుమ్మంలోనే ఆగిపోయింది. తెలుగులో ఎంత పిలిచినా అవ్వ పలకలేదు.

"నొస్తాందేమో గా భాషల అడుగు, బిడ్డ."

నొప్పికి మాట నాకు రాదు. రికార్డు చేసుకున్న జాబితాలో ఉన్నది ‘ఎన్ఫెర్మో’, జబ్బు మనిషి. దాన్నే ఆడవాళ్ళకు మార్చి ‘ఎన్ఫెర్మా’ అన్నాను. నాలుగు సెకన్లు.

"సానా."

"ఏమన్నదే?"

"మంచిగున్నదంట."

మమ్మీ ఏడ్చేసింది. నాయినకు ఫోన్ చేయడానికి హాల్లోకి వెళ్ళింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అవ్వ చెవి దగ్గర వంగి "సానా" అన్నాను.

సరిగ్గా నాలుగు సెకన్లు.

"ఎన్ఫెర్మా."

ఆ సంగతి మమ్మీకి చెప్పలేదు. ఆ తర్వాత రోజూ మమ్మీ ముందు అవ్వను ‘ఎన్ఫెర్మా’ అనే అడిగాను.

జాబితాలో చివరి పదం ‘వీవో’, బతికున్నవాడు. అవ్వ నోట దాని వ్యతిరేకం వినకూడదని, ఆమె మాట్లాడిన సాయంత్రమే దాన్ని ఫోన్లోంచి తీసేశాను. తర్వాత కాలేజీలో స్పానిష్ నోటి పరీక్షలో మేడమ్ అదే అడిగింది. వ్యతిరేక పదం నాకు వచ్చు.

"తెల్వదు మేడమ్," అన్నాను.