సరస్సు దారిలో ఆగిన వార్త

కోవిడ్‌కు ముందు ఒక చలికాలంలో నన్ను ఆంగ్ మో కియోలోని పేజీ డెస్కుకు సీనియర్ సబ్‌ఎడిటర్‌గా వేశారు. చలికాలమంటే మాకు కాదు, మా పాఠకులకు. కెనడాలోని చిన్న ఊళ్ల దినపత్రికలకు మేం సింగపూర్‌లో కూర్చుని శీర్షికలు పెట్టి, పేజీలు కట్టి పంపేవాళ్లం. "వాళ్ల పేపరు ఇక్కడ చేయడమేంటి ఆంటీ?" అని పాసిర్ రిస్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకు పిల్లలు నవ్వేవారు. చవక కాబట్టి, అనేదాన్ని.

ఒకప్పుడు అలాంటి ప్రతి ఊరి పత్రికకూ మెయిన్ వీధిలో సొంత భవనం ఉండేదట. కింద అచ్చుయంత్రం, పైన సంపాదకుడు, విలేకరులు, ప్రూఫ్‌రీడర్లు. పెళ్లి కబురైనా చావు కబురైనా జనం నేరుగా కౌంటరుకే తెచ్చిచ్చేవారు. తర్వాత పత్రికలన్నీ పెద్ద కంపెనీల చేతికి వెళ్లాయి. అచ్చు దూరపు నగరానికి పోయింది, పేజీల పని మాకొచ్చింది. నేను చూసే పత్రికకు ఆ ఊళ్లో మిగిలింది ఒకే ఒక్క విలేకరి, మార్గరెట్. సంపాదకుడు వేరే నగరంలో ఉంటూ మూడు పత్రికలు చూసుకునేవాడు.

మా పొద్దుటి షిఫ్టు వాళ్లకు రాత్రి. ఆ రోజు మొదటి పేజీకి శీర్షిక నేనే పెట్టాను: మంచు తుపాను, అవసరమైతే తప్ప బయటికి రావద్దు. దాని కింద పక్క ఊరి కౌన్సిల్ సమావేశం వార్తకు చోటు వదిలాను. అక్కడికెళ్లిన మార్గరెట్ ముందుగా ఫొటో పంపింది. దాని కింది వ్యాఖ్యలో ఒక కౌన్సిలర్ పేరు స్పెల్లింగు సరిచూడటానికి ఫోన్ చేశాను. హైవే మూసేశారని, సరస్సు పక్క దారిలో ఇంటికెళ్లి వార్త పంపుతానని చెప్పింది.

వార్త రాలేదు. ఆమె ఆలస్యం చేసే మనిషి కాదు. ఫోన్ చేస్తే కలవలేదు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి సలీమ్ హైదరాబాదీ. అతని చూపంతా గడియారం మీదే ఉంది. అచ్చులో ప్రతి పత్రికకూ ఒక స్లాట్, అంటే కేటాయించిన సమయం, ఉంటుంది. అది దాటితే యంత్రం తర్వాతి పత్రికకు వెళ్లిపోతుంది.

"అక్కా, ఆ ఖాళీ జాగల మన పేపర్ చందాల యాడ్ వేసి పేజీ వదిలెయ్యి. స్లాట్ పోతే మన మీదికొస్తది."

"పేజీ సంగతి సరే, మనిషి ఏమైందయ్యా?"

"దోస్తుల ఇంట్ల ఆగి ఉంటది లే."

ఉండొచ్చు. కానీ ఆమె ఒంటరిగా ఉండేది. ఇంటికి చేరలేదేమోనన్న అనుమానం ఈ భూమ్మీద మా ఇద్దరికే వచ్చింది.

అక్కడి వాళ్లతో ఏ విషయమైనా సంపాదకుడి ద్వారానే మాట్లాడాలన్నది మా నిబంధన. ఆయన ఫోనెత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఖాళీలో యాడ్ పెట్టి పేజీ పంపేసి సలీమ్ వైపు చూశాను. "పోలీసులకు చెయ్యక్కా, రూల్ సంగతి తర్వాత చూసుకుందాం," అన్నాడు.

ఆ ఊరి పోలీసు స్టేషన్‌లో ఫోనెత్తినావిడ ఎక్కడి నుంచని అడిగింది. సింగపూర్ అన్నాను. మార్గరెట్‌కు నేనేమవుతానని అడిగింది. ఏమని చెప్పను? ఆవిడ వార్తలకు పేజీ కట్టేదాన్ని అన్నాను. మా పేపరు మెయిన్ వీధిలోనే కదా తయారయ్యేది, అంది నమ్మలేక. కాదమ్మా, ముందు సరస్సు దారి చూడండి, అన్నాను.

ఇక కూర్చోవడమే మిగిలింది. తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్ నుంచి సలీమ్ తెచ్చిన నూడుల్స్ ముట్టుకోలేదు. ఎదురుగా తెర మీద నేను పెట్టిన శీర్షికే కనిపిస్తోంది. ఊరందరికీ బయటికి రావద్దని చెప్పి, సరస్సు దారిలో వెళ్తానన్న మనిషికి మాత్రం ఆ మాట చెప్పలేదని నా మీద నాకే ఒళ్లు మండింది. మధ్యాహ్నానికి పోలీసుల నుంచి ఫోనొచ్చింది. కారు రోడ్డు దిగి మంచులో కూరుకుపోయిందట, మనిషి బతికే ఉంది. నేను ఏడ్చేశాను. సలీమ్ "అల్‌హందులిల్లా" అని దేవుణ్ణి తలచుకుని నూడుల్స్ డబ్బా నా ముందుకు జరిపాడు. చలికి దెబ్బతిన్న మార్గరెట్ వేళ్లు రెండు తర్వాత తీసేయాల్సి వచ్చింది.

నిబంధన దాటినందుకు కంపెనీ నాకు హెచ్చరిక పంపింది. రూల్సు వాళ్లు మార్చలేదు, మేమే ఒకటి పెట్టుకున్నాం. బయటికెళ్లిన విలేకరి ఇల్లు చేరానని చెప్పేదాకా షిఫ్టు దిగకూడదు. మార్గరెట్ మళ్లీ పనిలో చేరిన రోజు వార్త వెనకాలే ఒక్క మాట పంపింది: చేరాను.

మెయిన్ వీధిలోని ఆ పాత ఆఫీసులో ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో చూడటం ఎవరి ఉద్యోగమూ కాదు. పక్క కుర్చీలో మరొకరు ఉండేవారు కాబట్టి అది జరిగిపోయేది. ఆ కుర్చీలు తీసేసినప్పుడు, ఆ పని ఇకమీదట ఎవరిదని ఎవరూ అడగలేదు.