శాంతమ్మక్క పాడని పాట

మా చిన్నప్పుడు... నంద్యాలలో ఒక క్యాసెట్ల షాపు వెనకాల పాటలు రికార్డు చేసే చిన్న గది ఉండేది. గోడలకు గోనెసంచులు, వాటి మీద పాత బొంతలు కొట్టి ఉండేవి. తలుపు మూస్తే బజారు చప్పుడంతా ఆగిపోయేది. నోట్లోంచి మాట బయటికి వచ్చీ రాగానే ఆ బొంతలు మింగేసేవి. నాకు ఆ గదంటే వణుకు. నాయన హార్మోనియం ముందు, ఆయన పక్కన తాళాలతో నేను, మైకు ముందు మా శాంతమ్మక్క...

ఆళ్లగడ్డలో మా చర్చిలో పాట ఎత్తుకునేది అక్కే. ఆమె ఒక లైను పాడి ఆగుతుంది, జనమంతా దాన్ని తిరిగి పాడతారు. పాటల పుస్తకం చదవలేనివాళ్లే ఎక్కువ కాబట్టి మా పద్ధతి అది. మైకు ముందు కూడా అక్క అలాగే ఒక లైను పాడి ఆగింది. షాపాయన తల బాదుకున్నాడు.

"ఏందమ్మా, పాడతా పాడతా నిలిచిపోతాండావ్? టేపు ఊరికే తిరుగుతాంది!"

"వాళ్లు పలకొద్దా అన్నా?"

"ఎవురు?"

"జనం."

"ఈడ జనం యాడుండారమ్మా? నేనూ, మీ నాయనా, ఈ తాళాలోడూ!"

ఎన్నిసార్లు చెప్పినా అక్కకు ఆ అలవాటు పోలేదు. చివరికి విసిగిపోయి అలాగే వదిలేశాడు. ఆ ఖాళీలతోనే క్యాసెట్ ఊళ్లకు పోయింది... శనగ చేల గట్ల మీద, వంటిళ్లలో, టేపురికార్డరు పెట్టుకుని జనం ఆ ఖాళీల్లో పాడుకున్నారు! ఆ క్యాసెట్ అంతగా అమ్ముడుపోయింది అందుకే.

సంగీతం మీద లావుపాటి పుస్తకాలు చాలానే చదివాను. ఈ ముచ్చట వాటిల్లో ఎక్కడా లేదు. రాసిన పెద్దమనుషులెవరూ మా చర్చిలో చాప మీద కూర్చోలేదు మరి.

అట్ట మీద పావురం బొమ్మ, షాపు పేరు. అక్క పేరు లేదు. నాయన అడిగితే షాపాయన నవ్వాడు. "పేరెందుకప్పా, గొంతు ఇనపడతాంది గదా!"

తర్వాత కాపీ మీద కాపీ తీసి అమ్మారు. బుస్సుమనే చప్పుడులో అక్క గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుండేది... అయినా అది అక్కే.

క్యాసెట్లు పోయాయి, సీడీలూ పోయాయి. షాపాయన కొడుకు అవే పాటలను ఫోన్లలోకి ఎక్కించాడు. శుభ్రం చేశానన్నాడు. ఖాళీలన్నీ కత్తిరించేశాడు... పాట ఆగితే జనం ఇంకో పాటకు పోతారట. నాయన హార్మోనియం తీసేసి, దబదబమని ఏదో మోత పెట్టాడు. తిట్టుకుని ఊరుకున్నాను.

ఈ వారం మొదట్లో ఇంకొకటి వచ్చింది. అక్క గొంతులో ఒక కొత్త పాట. ఈసారి పేరు వేశారు, ఫోటో కూడా పెట్టారు. కానీ ఆ పాట అక్క ఎన్నడూ పాడలేదు.

పెట్టింది ఆ షాపాయన కొడుకే. వాడికి ఫోన్ చేశాను.

"కంప్యూటర్‌కు మీ అక్క పాటలన్నీ ఇనిపించినాం అన్నా. అది నేర్చుకునింది. పేరు గూడా ఏసినాం గదా, ఇంగేంది నీ బాధ?"

"ఆమె బతికే ఉండాది గదప్పా!"

"మంచిదే గదా. ఇంగా చానా పాటలు చేస్తాండాం."

మరునాడే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. అక్క గొంతు ఎండిపోయి ఏళ్లయింది, మాట కూడా గరగరమంటుంది. ఫోను చెవికి ఆనించుకుని కూర్చుని ఉంది.

"రేయ్, ఇది నేనెప్పుడు పాడినా రా?"

"నువ్వు పాడలేదక్కా. మిషన్ పాడింది."

"పో రా, నా గొంతు నాకు తెలీదా? మర్చిపోయింటా." ఇంకాసేపు విన్నది. "అబ్బ... అప్పుడెంత బాగా పాడినాను! ఇప్పుడుండాది చూడు, పాడు గొంతు." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పాటే ఆదివారం ఎత్తుకోమని చర్చిలో ఆడవాళ్లు అడిగారట. తన పాట తనకే రాదని చెప్పడం అక్కకు నామోషీ. అందుకే కూర్చుని నేర్చుకుంటోంది. పల్లవి అప్పటికే వచ్చేసింది... నేను ఎంత చెప్పినా వినలేదు. తమ్ముడికి మతిమరుపు వచ్చిందేమోనన్నట్టు జాలిగా చూసింది.

నాకు భయంగా ఉంది. దొంగతనమని ఇవాళ అరవగలను, అరుస్తున్నాను కూడా. ఆదివారం అక్క లేచి నిలబడి, ఊరందరి ముందు, సొంత నోటితో ఆ పాట పాడేస్తే అది నిజంగానే ఆమె పాట అయిపోతుంది. ఆ తర్వాత అది అబద్ధమని ఎవరికి చెప్పేది? ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్లలో, ఇప్పుడు కాదనగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను... నా మాట అక్కే నమ్మడం లేదు.

ఒకప్పుడు మనిషి పాడితే మిషన్ పట్టుకునేది. ఇప్పుడు మిషన్ పాడితే మనిషి పట్టుకుంటోంది...

మీ ఇంట్లో పాడేవాళ్లు ఉన్నారా? వాళ్లు ఏవి పాడారో, ఏవి పాడలేదో మీకు తెలుసా? వాళ్లను అడిగి, కింద కామెంట్లలో రాయండి. అవి నేను అక్కకు చదివి వినిపిస్తాను... ఆదివారం లోపల.