పునాది మీద మంచం తాడు

ఈ రోజు మా కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోశారు. ముహూర్తం దాటుతుందన్న తొందరలో, కామారెడ్డి నుంచి వచ్చిన మేస్త్రీ నాలుగు వైపులే కొలిచాడు. ఎదురెదురు భుజాలు సమానంగా వచ్చాయి. టేపు రెండో కొస పట్టుకున్న నేనూ తలూపాను. కూలీలు గడ్డపారలు అందుకున్నారు.

ఊళ్లో నులక మంచాలు అల్లే మా అమ్మ వాళ్లను ఆపింది.

"మూల నుంచి మూలకు పట్టి చూసినవా మేస్త్రీ?"

"నాలుగు దిక్కుల కొలత కుదిరినంక ఇంకేంది అవ్వా? ఇది ఇల్లు, నీ మంచం కాదు."

"మంచానికి గూడ పట్టెలు సమానంగనే ఉంటయి బిడ్డా. మూలలు చూడకుంటే వంకర పోతది."

మంచం తాడు తెచ్చి తనే ఐమూలగా పట్టింది. ఒక మూలకు సరిపోయిన తాడు రెండో మూలకు జానెడు మిగిలింది. మేము గీసింది దీర్ఘచతురస్రం కాదు, పక్కకు ఒరిగిన సమాంతర చతుర్భుజం. మేస్త్రీ ముగ్గు చెరిపి మళ్లీ పోశాడు.

దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని పదో తరగతి పరీక్షలో నేను రాశాను. పొద్దున అది గుర్తు రాలేదు. బడికి పోని అమ్మకు గుర్తుంది.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎవరైనా ముగ్గు పోస్తుంటే చెప్పండి, అమ్మను పంపిస్తాను. తాడు ఆమే తెచ్చుకుంటుంది.