దీనమ్మ టీచరుగారి పాఠాల పంపకం

కొవ్వూరు పక్క పల్లెలోని లూథరన్ చర్చిలో ఏటా డిసెంబరు రాగానే, వచ్చే ఏడాది సండే స్కూలు పిల్లలకి ఎవరు ఏ పాఠం చెప్పాలో నిర్ణయించేది దీనమ్మ టీచరుగారే. ముడిలో పెన్సిలు, మెడలో దారం కట్టిన కళ్లజోడు. ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని గ్రంథాలు తిరగేసినా కనపడని పద్ధతి ఆవిడది. లోకంలో గురువులంతా తమకు వచ్చిందే చెబుతారు కదా, ఈవిడ మాత్రం ఎవరికి ఏది రాదో వాళ్లకే ఆ పాఠం అప్పగిస్తారు. పిసినారికి దానం, కోపిష్ఠికి శాంతం. తన వంతుకు ఎప్పుడూ ఓర్పే. తొంభై ఎనిమిదిలో క్షమాపణ పాఠాన్ని సంఘ పెద్ద ముసలయ్యగారికీ, ఆయన తమ్ముడు దానియేలుకీ కలిపి ఇచ్చారు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు. ముసలయ్యగారు కండువా దులిపి లేచారు.

"వాడి పక్కన నుంచోమంటే ఈ చర్చే మానేస్తానండి. ఇంకెవరూ దొరకలేదేంటి?"

"దొరికారండి. వచ్చేసిన పాఠం వాళ్లకి మళ్లీ ఎందుకని ఇవ్వలేదు," అన్నారావిడ పెన్సిలు చెక్కుకుంటూ. "పిల్లలకి చెప్పేది ఆదివారం కదండి. మీకు శనివారంలోగా వస్తే చాలు."

వెనక బెంచీలో కూర్చున్న దానియేలుకు నవ్వాగలేదు. ముసలయ్యగారు గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, అటు తిరిగే అన్నారు:

"శనివారం ఖాళీ కడుపుతో రమ్మనండి వాణ్ణి. టిఫిను మా ఇంట్లోనే."