కూర్మావతారానికి కొబ్బరినూనె

చదివేవాళ్ళు కాఫీ గ్లాసు ముందు కింద పెట్టేయండి. ఒక శాస్త్రవేత్త ఏడాది కష్టానికి, ఒక సముద్రపు తాబేలు ప్రాణానికి, నా పరువుకి ఒకే పొద్దున ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. అదీ కేవలం భక్తితో!

అప్పట్లో కాట్రేనికోన దగ్గర మా భజన గోష్ఠిలో నేను పురాణం చెప్పేవాణ్ణి. దశావతారాలు నోటికి వచ్చు కాబట్టి లోకంలో నాకు తెలియనిదేదీ లేదని గట్టి నమ్మకం. మా ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళ మీద పరిశోధన చేస్తున్న డాక్టరు సునంద గారికి సాయం కావాలని తెలియగానే, పిలవకుండానే వెళ్ళి నిలబడ్డాను.

తాబేలు దారి ఎలా పట్టుకుంటుంది, అంత దూరపు ఈతకి దాని ఒళ్ళు ఎలా తట్టుకుంటుంది, ఇదీ ఆవిడ చదువు. వీపున ఒక యంత్రం అతికించి వదిలితే, తాబేలు ఊపిరికోసం పైకి తేలినప్పుడల్లా ఉపగ్రహానికి కబురు వెళ్తుంది. ఆవిడ దగ్గరున్న యంత్రం ఒక్కటే. సీజను అయిపోవచ్చింది. ఇది తప్పితే మళ్ళీ ఏడాదే.

తెల్లవారుతుండగా గుడ్లు పెట్టి సముద్రంలోకి పోతున్న తాబేలుని నేనూ, మా బావ సత్తిబాబూ పట్టి చెక్క చట్రంలో ఆపాం. బావది చేపల వేట. సునంద గారు దాని రక్తం కాస్త తీసుకుని, పెంకుని గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు పోయేలా అసిటోనుతో తుడిచి ఆరబెట్టారు.

"జిగురు జీపులో ఐసు పెట్టెలో ఉందండీ, తెస్తాను. ఎండెక్కితే తాబేలు తట్టుకోలేదు, ఈలోగానే అతికించి వదిలెయ్యాలి. కాస్త చూస్తూ ఉండండి."

"ఆయ్! నేనున్నాను గదండీ."

నేనీ ముక్క అన్నప్పుడల్లా మా ఇంట్లోవాళ్ళు గుండె పట్టుకుంటారు.

ఆవిడ ఇసుకదిబ్బ దాటారో లేదో, తాబేలు కంటి వెంట నీళ్ళు! ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందని తరవాత తెలిసింది లెండి.

"బావా, స్వామి ఏడుస్తన్నారు!"

"స్వామేంటి బావా? ఇప్పుడేగా గుడ్లు పెట్టింది."

"మోహినీ అవతారం కూడా పాలసముద్రం చిలికినప్పటిదే. పురాణం తెలీనోడివి, నువ్వూరుకో."

పెంకు వంక చూస్తే ప్రాణం ఉసూరుమంది. మందరపర్వతాన్ని మోసిన వీపుని మాడిన అట్లపెనంలా గీకి పెట్టారు! నా సంచిలో దీపానికని తెచ్చిన కొబ్బరినూనె సీసా ఉంది. దేవుడంతటివాడు ఒడ్డుకొస్తే ఒంటికి నూనె పెట్టకుండా పంపుతామా? సీసా మొత్తం వంపి, గోవిందనామాలు చెబుతూ మర్దనా చేశాను. పెంకు కొత్త పెళ్ళికొడుకు బుగ్గలా నిగనిగలాడింది.

సునంద గారు జిగురుతో వచ్చి, నిలబడిపోయారు.

"ఏంటండీ ఇది?"

"అభ్యంగనం అండీ. చూసేరా, ఎలా మెరిసిపోతన్నారో!"

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఇసుకలో కూలబడి, మెల్లగా అన్నారు: "నూనె మీద జిగురు పట్టదండీ. ఉన్న అసిటోన్ అయిపోయింది."

ఎర్రటి సూర్యుడు నీళ్ళలోంచి పైకి లేచాడు. ఆవిడ తాబేలు మెడ తాకి చూసి, తడి గోనె కప్పారు.

"ఎండ చుర్రుమనేదాకా చూస్తాను. ఆ తరవాత యంత్రం లేకుండానే వదిలేస్తాను. నా పనికోసం దీని ప్రాణం తియ్యలేను."

"ఆ అసిటోనేదో ఎక్కడ దొరుకుద్దండీ?" బావ అడిగాడు.

"ఆడవాళ్ళు గోళ్ళరంగు తుడుచుకునే మందు ఉన్నా చాలు."

అంతే. బండి ఎక్కాను. నూనె చేతుల్లో హ్యాండిలు జారుతోంది, గుండె జారుతోంది. బ్యూటీ పార్లరు పార్వతి గారు గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నారు.

"పార్వతి గారూ! గోళ్ళరంగు తుడిచే మందు ఎంతుంటే అంత ఇచ్చెయ్యండి!"

బ్రష్షు ఆగిపోయింది. "గోళ్ళకి రంగేస్తే నరకానికి పోతారని మొన్న భజనలో మీరే చెప్పేరు గదండీ?"

"నాక్కాదండీ!"

"మరెవరికండీ?"

అబద్ధమాడే అలవాటు లేదు. "విష్ణుమూర్తికండీ."

పార్వతి గారు నన్నూ, నూనె కారుతున్న నా చేతుల్నీ ఎగాదిగా చూశారు. లోపలికి వెళ్ళి పెద్ద సీసా తెచ్చి, మెట్టు మీద పెట్టి, తలుపు గడియ వేసేసుకున్నారు.

నేను తిరిగి వచ్చేసరికి ఎండ వీపుకి తగులుతోంది. బావ గోనె మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. సునంద గారు తుడిచారు, వేలితో రాసి చూశారు, మళ్ళీ తుడిచారు. జిగురు పూసి యంత్రాన్ని అదిమిపట్టారు.

"పట్టిందాండీ?"

"మీరు దూరంగా నిలబడండి."

నిలబడ్డాను. ఇంకొంచెం దూరంగా అన్నారు. అక్కడా నిలబడ్డాను. తాబేలు తలెత్తి బుస్సుమంది. చివరికి ఆవిడ వేలితో యంత్రాన్ని కదిపి చూశారు. కదల్లేదు. చట్రం తీసేశాం. పాకింది, ఆగింది, కెరటం వచ్చి తీసుకుపోయింది.

ఇక లాప్‌టాప్ ముందు కాపలా. తెర మీద ఏమీ లేదు. ఆవిడ రెప్ప వెయ్యరు, నేను ఊపిరి తియ్యను. నాకు దేవుడి నామం ఒక్కటీ గుర్తురానిది జీవితంలో ఆ ఒక్క పూటే. మధ్యాహ్నానికి చిన్న చుక్క ఒకటి వెలిగింది. సాయంత్రానికి ఇంకొకటి.

"పని చేస్తోందండీ!" ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఉత్తరానికి తిరిగింది."

"శ్రీకూర్మం వైపేనాండీ?"

"మీరింక ఇంటికెళ్ళండి" అన్నారావిడ.

సముద్రం సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మిగతా అవతారాల్లో ఏది మా ఒడ్డుకొచ్చినా, శాస్త్రజ్ఞుల్ని అడగనిదే నూనె సీసా మూత తియ్యను. నరసింహస్వామి వస్తే మాత్రం ఆ చుట్టుపక్కల ఉండనే ఉండను. పార్వతి గారి తలుపు మళ్ళీ తట్టి, ఈసారి నిజంగా గోళ్ళకేనండీ అని చెప్పే ధైర్యం నాకు లేదు.